ఇరవై నాలుగు చుట్లు

పాలకుర్తిలో మొండయ్య వైండింగ్ షాపులోకి అడుగుపెట్టినవాళ్ల కన్ను ముందు మోటర్ల మీద పడదు, గోడకు బిగించిన ఇనుప పెట్టె మీద పడుతుంది. ఆ పెట్టెకు తాళం. తాళంచెవి మొండయ్య మొలతాడుకు. ఇంతా చేస్తే లోపల ఉన్నది బంగారం కాదు, పట్టాదారు పాసుబుక్కు కాదు. నూనె మరకలు పట్టిన ఒక లాంగ్ నోట్‌బుక్కు. ముప్పై ఏళ్లుగా తన చేతికి వచ్చిన ప్రతి బోరు మోటరుకు ఎన్ని చుట్లు పడతాయో, ఏ మందం తీగ వాడాలో అందులో రాసిపెట్టుకున్నాడు.

"స్నానం చేసేటప్పుడన్న గా తాళంచెవి తీస్తవా?" అని భార్య యాకమ్మ ఎగతాళి చేసేది.

"నవ్వు, నవ్వు. గా బుక్కు పోయిన్నాడు మన బతుకు గంగల కలుస్తది," అనేవాడు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మోటర్ కాలితే పాత తీగ పీకేసి కొత్త తీగ చుట్టాలి. ఎన్ని చుట్లో తెలియకపోతే చేతిలో ఎంత పనితనం ఉన్నా దండగే. చుట్లు ఎక్కువైతే మోటర్ నీళ్లు సరిగ్గా ఎత్తదు. తక్కువైతే కరెంటు అతిగా గుంజి, వేడెక్కి, మళ్లీ కాలిపోతుంది. మామూలు కంపెనీల లెక్కలు అందరి దగ్గరా ఉంటాయి, వాటితో గొప్పేమీ లేదు. మొండయ్య గొప్పంతా గంట బొమ్మ మోటరుతోనే ఉంది.

ప్లేటు మీద చిన్న గంట బొమ్మ ఉండే ఆ మోటర్లు చేసిన కంపెనీ మూతపడి ఇరవై ఏళ్లయింది. మోటర్లు మాత్రం మొండివి, ఇంకా బోర్లలో పడి నీళ్లు పోస్తూనే ఉన్నాయి. ఒక్కోదాన్ని నాలుగైదు చేతులు విప్పి చుట్టాయి, ఎవరికి తోచిన లెక్క వాళ్లు వేశారు. కంపెనీవాడు అసలు ఎన్ని చుట్లు వేశాడో చూసినవాడు లేడు. మొండయ్య చూశాడు. వయసులో ఉన్నప్పుడు అంతకుముందు ఎవరూ విప్పని గంట బొమ్మలను మూడింటిని తానే విప్పి, స్లాట్‌కు ఇరవై ఎనిమిది చుట్లని లెక్కపెట్టాడు. స్లాటంటే మోటర్ లోపల తీగ కూర్చునే గాడి. ఆ ఇరవై ఎనిమిది కోసం ఎక్కడో గోదావరి ఒడ్డు మహదేవపూర్ నుంచి కూడా రైతులు మోటర్లను ట్రాలీల్లో వేసుకుని పాలకుర్తి దాకా వచ్చేవాళ్లు.

అట్లాంటి మొండయ్య చెవిన అమావాస్య బ్యాచ్ సంగతి పడింది.

ఆ దిక్కున మెకానిక్కులెవరూ అమావాస్య నాడు రిపేరు పని పట్టరు. షాపులన్నీ బంద్. కొందరు పడుకుంటారు, కొందరు కల్లు మండువకు పోతారు. దేవరుప్పులలో అఖిల అనే ఆమె దీనికి వేరే ఉపాయం కనిపెట్టింది. ఆమె భర్త కృష్ణ బోర్లలోంచి మోటర్లు పైకి తీస్తాడు, వైండింగ్ పని మొత్తం ఆమెదే. "ఎట్లాగూ బంద్ గదా, మీ దగ్గర కాలినయి పట్టుకొని రాండ్రి. ఎందుకు కాలినయో తలా ఒక మాట అనుకుందాం," అని చుట్టుపక్కల వైండర్లను తన షెడ్డుకు పిలిచి చాయ్ పెట్టింది. ఆరేడుగురు జమయ్యారు. ఫోన్లో ఒక గ్రూపు కూడా పెట్టుకున్నారు. బాగా నడిచిన మోటర్ల ముచ్చట అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఎవరి చేతిలో ఏది చెడిందో దాన్ని తెచ్చి నడిమిట్ల పెట్టాలి. అందరూ చూసినాకే తెచ్చినవాడు నోరు విప్పాలి. నవ్వకూడదు. ఇంతే వాళ్ల కట్టుబాటు.

తొర్రూరు వైండర్ సంపత్ వచ్చి రమ్మని పిలిస్తే మొండయ్య నొసలు ముడిపడ్డాయి.

"తమ తప్పులు తామే మోసుకొచ్చి నలుగుట్ల పెట్టుకునే పిచ్చోళ్లు ఏడన్న ఉంటరా?" అన్నాడు యాకమ్మతో. "వాళ్ల కన్ను నా బుక్కు మీద ఉన్నదే."

"మరి పోకు."

"పోకపోతే వాళ్లేం పన్నుతున్నరో ఎట్ల తెలుస్తది?"

పోయాడు. షెడ్డులో గడప పక్కనే కూర్చున్నాడు, చెప్పులు చేతికందేంత దూరంలో పెట్టుకుని. అఖిల చాయ్ ఇస్తే, మిగతావాళ్లు రెండు గుటకలు మింగేదాకా తను మింగలేదు. మహానుభావుడు, చాయ్‌లో కూడా ఏదో కలుపుతారనుకున్నాడు కాబోలు! కాలిన మోటర్ ఒక్కటి కూడా తీసుకుపోలేదు. "నా దగ్గర కాలయి," అన్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన షాపుకు కొత్తరకం మోటర్ ఒకటి వచ్చి, ఎట్లా విప్పాలో తెలియక వారం రోజులుగా మూలన పడి ఉంది. ఆ సంగతి నోరు జారి అన్నాడో లేదో, సంపత్ తన ఫోన్ తీసి విప్పే పద్ధతి, చుట్ల లెక్క, తీగ మందం అన్నీ చూపించి, ఫోటోలు కూడా పంపించాడు. మొండయ్య షాపుకు వచ్చి భయం భయంగానే చుట్టాడు. మోటర్ బోరులో దిగి దబదబా నీళ్లు పోసింది. ఇంకొకడైతే సంతోషపడేవాడు. మొండయ్యకు అన్నం సహించలేదు.

"ఊకెనే ఎందుకు చెప్పిండు? దీని ఎనుక ఏదో ఉన్నది."

"ఏమున్నది? నీకు తెలువదని చెప్పిండు," అంది యాకమ్మ.

ఇట్లా నాలుగు అమావాస్యలు గడిచాయి. పుష్య అమావాస్య నాడు మహదేవపూర్ నుంచి భద్రు అనే వైండర్ మూడు బస్సులు మారి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, సన్నటి మనిషి. మొండయ్యను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అన్నా, మా దిక్కు బోర్లల్ల గంట బొమ్మలే ఎక్కువ. రైతులు నీ దగ్గరికి తెచ్చుడు, మల్ల కొంచవోవుడు, అంతా కలిపి నాలుగైదు రోజులు. అంతట్లకే మడి నెర్రెలు వారుతుంది. ఎన్ని చుట్లు వెయ్యాల్నో జర చెప్తవా?"

షెడ్డులో అందరూ మొండయ్య వైపు చూశారు. మొండయ్య లోపల ఒక్కసారిగా అన్నీ కలిశాయి. అదిగో! ఇన్నాళ్లూ దేనికోసమనుకున్నావు? సంపత్ ఫోటోలు దీనికోసమే. అఖిల చాయ్ దీనికోసమే. అందరూ ఒక్కటై, చివరికి ఈ అమాయకపు మొహంవాణ్ని ముందుకు తోశారు. చెప్పనంటే నాలుగు నెలలుగా వీళ్ల దగ్గర నేర్చుకుపోయినవాడికి ఆ మాట అనడానికి మొహం ఎక్కడుంది? చెబితే మహదేవపూర్ ట్రాలీలు ఆగిపోతాయి.

"ఇరవై నాలుగు," అన్నాడు.

నోరు జారి అన్నది కాదు. కావాలనే అన్నాడు. ఎవడి షాపులో గంట బొమ్మ కాలితే వాడే తన బుక్కుకు ఎసరు పెట్టిన దొంగ అని తేలిపోతుందని ఆయన లెక్క. నలుగురిలో నోరు తెరిచి అడిగినవాడు దొంగ ఎట్లా అవుతాడో ఆ మొండయ్యకే తెలియాలి!

భద్రు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో 24 అని రాసుకున్నాడు. వంగి మొండయ్య కాళ్లు ముట్టుకున్నాడు. "మా దిక్కు రైతులను బతికిచ్చినవ్, అన్నా," అన్నాడు. ఎంత నాటకం, అనుకున్నాడు మొండయ్య. అనుకున్నాడే కానీ, బండి మీద ఇంటికి వస్తున్నంతసేపూ ఆ చేతులు తగిలినచోట కాళ్లు జిలపెట్టినట్టే ఉన్నాయి.

ఆ తర్వాత మహదేవపూర్ నుంచి గంట బొమ్మ ఒక్కటి కూడా రాలేదు. మాఘ అమావాస్యకు భద్రూ రాలేదు. మొండయ్య అందరి మొహాలూ వెతికాడు, ఎక్కడా ఏమీ కనిపించలేదు. ఇరవై నాలుగు చుట్లతో అది ఎట్లా నడుస్తున్నట్టు? నడవదు. నడవనిదాన్ని ఎవరూ తప్పనడం లేదంటే? అసలు లెక్క ఇంకెక్కడో సంపాదించి, తన దొంగ లెక్క చూసుకుని అందరూ నవ్వుకుంటున్నారన్నమాట. ఒక పొద్దున గ్రూపులో భద్రు పేరు కింద ఏదో వచ్చి, తెరిచి చూసేలోగా మెసేజ్ డిలీట్ చేసినట్టు కనిపించింది. మొండయ్య ఆ ఖాళీ గీతను రోజంతా తీసి చూసుకున్నాడు. నా గురించే. ఇంకెవరి గురించి రాసి తుడుస్తాడు?

ఉగాది ముందటి అమావాస్యకు ఆగలేక గంట ముందే దేవరుప్పుల చేరాడు. బండి చప్పుడు వినగానే షెడ్డులో గుసగుసలు ఆగిపోయాయి. అఖిల, సంపత్ దగ్గరదగ్గరగా నిలబడి ఉన్నారు. బల్ల కింద ఒక గోనెసంచి ఉంది. సంపత్ దాన్ని కాలితో ఇంకా లోపలికి నెట్టాడు. వెనక గోడకు ఆనుకుని, గడ్డం మాసి, తల వంచుకుని భద్రు కూర్చున్నాడు.

"ఏందది?" అన్నాడు మొండయ్య.

"ఏం లేదు కాకా. కూసో, చాయ్ పోస్త," అంది అఖిల.

అయిపోయింది. దొరికిపోయాను. ఈ రోజు పంచాయితీ నాకే, అనుకున్నాడు. పాలకుర్తి మొండయ్య తప్పుడు లెక్క చెప్పాడని మూడు జిల్లాల్లో పాకితే ఇంకెవడు తన గడప తొక్కుతాడు? బండి తాళం చేతిలోనే ఉంది. తిరిగి పోవచ్చు. కానీ ఇప్పుడు పోతే ఒప్పుకున్నట్టే. "నాకు తెలువకుంట దాచేది ఏమున్నది? తియ్యిండ్రి బయటికి," అన్నాడు, లేని ధైర్యం తెచ్చుకుని.

అఖిల భద్రు వైపు చూసి నిట్టూర్చింది. "నీకు చెప్పొద్దన్నడు కాకా. నీ ముంగట సిగ్గయితదట. నువ్వు రాకముందే మాకు చూయించుకొని పోతనన్నడు. నువ్వే జల్ది వచ్చినవ్."

సంపత్ సంచి విప్పాడు. మాడిన వాసన గుప్పుమంది. నల్లగా బొగ్గయిన తీగ, పక్కన గంట బొమ్మ ప్లేటు.

"ఇది మూడోసారి, అన్నా," అన్నాడు భద్రు తల ఎత్తకుండానే. "మూడుసార్లు ఒక్క రైతుదే, ఎర్రయ్యది. మొదలు తొమ్మిది రోజులు నడిచింది. మల్ల చుడితే ఆరు. గిప్పుడు ఐదు. వరి పొట్ట మీదుండంగ నీళ్లు లేక రెండెకరాలు తాలు వోయింది. కొట్లాడినా బాగుండు. వచ్చి నా షాపు ముంగట ఉత్తగ కూసుంటడు. భద్రు చుడితే బూడిదే అంటున్నరు ఊళ్లె. నెల సంది ఇసుక లారీల కాడ కూలికి వోతున్న. మొన్న గ్రూపుల రాసిన, మల్ల నువ్వు చూస్తవని సిగ్గయి తుడిచిన. నువ్వు నోరు దెరిచి లెక్క చెప్తే గూడ చుట్టుడు రాకపాయె నాకు."

మొండయ్య గడప పక్కన కూర్చోలేదు. కూర్చోవడం మరిచిపోయి నిలబడే ఉన్నాడు.

"మీటర్ పెట్టి చూడలేదా?" అన్నాడు సంపత్.

"చూసిన. కరెంటు ఎక్కువ గుంజుతున్నట్టు చూపిచ్చింది. మీటర్ ఖరాబయింది కావచ్చని కొత్తది కొన్న. అది గూడ గంతే. ఇగ మొండయ్యన్న లెక్క తప్పయితదా అని మీటర్‌నే పక్కకు వెట్టిన."

అఖిల కట్టర్ తీసుకుని తీగ కట్టను ఒకచోట కత్తిరించి, తెగిన కొనలను వేలితో విడదీస్తూ లెక్కపెట్టింది. "ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. చుట్లు కరెక్టే ఉన్నయ్," అంది. దాంతో ఆ సంగతి అక్కడికి పక్కకు పోయింది. స్లాట్‌లో తీగకు ఇనుము తగలకుండా వేసిన కాగితం చూశారు, చిరగలేదు. జాయింట్లు చూశారు, గట్టిగా ఉన్నాయి. ఇరుసును పట్టి ఉంచే బుష్షులు అరిగాయా అని అడిగారు. ఓల్టేజీ ఎంత వస్తుందని అడిగారు. బోరులో నీళ్లు తగ్గితే మోటర్ ఉత్తగా తిరిగిందేమో అనుకున్నారు. అరగంట సేపు వెతికారు. వాళ్లు వెతకని చోటు ఒక్కటే. మొండయ్య చెప్పిన లెక్కను అనుమానించాలని ఆ ముగ్గురిలో ఒక్కరికి కూడా తోచలేదు.

"చెయ్యి మంచిగనే ఉన్నది గదా భద్రూ, ఏడ తప్పు లేదాయె," అని సంపత్ తల గోక్కున్నాడు. "అన్నా, ముప్పై ఏండ్ల సంది చుడుతున్నవ్. నీ కంటికేమన్న కనవడుతుందా?"

మొండయ్య వంగి చూశాడు. మాడిపోయిన తీగలో కూడా పనితనం కనిపిస్తూనే ఉంది. ఒక్క పోగు మీద ఇంకో పోగు ఎక్కలేదు. కట్లు వరసగా, సమంగా ఉన్నాయి. తన చేయి ఏనాడూ ఇంత శుభ్రంగా చుట్టలేదు. ఈ చేతులు ఇసుక మోస్తున్నాయి! మొండయ్యకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఎక్కడైనా నేల చీలితే దిగిపోదామన్నంత సిగ్గు.

"చుట్లు తక్కువున్నయ్," అన్నాడు.

"ఇరవై నాలుగున్నయ్ కాకా, లెక్కవెట్టిన గదా," అంది అఖిల.

"ఇరవై ఎనిమిది ఉండాలె."

పొయ్యి మీద చాయ్ పొంగి మంట మీద పడింది. ముందు తేరుకున్నది భద్రే. ఆ మనిషి మొహంలో కోపం లేదు, ఏదో బరువు దిగినట్టు కనిపించింది. "గప్పుడు యాది మరిచినట్టున్నవ్ గదన్నా," అన్నాడు మెల్లగా. "పెద్దతనం. పొరపాటు ఎవ్వలకైన అయితది."

ఔనంటే చాలు. పాలకుర్తి మొండయ్య పేరుకు మచ్చ పడదు. ఇంకో చాయ్ వస్తుంది, పెద్దమనిషి మరిచిపోయాడని నవ్వుకుంటారు, సంపత్ రెండు జోకులేస్తాడు. మొండయ్య నోట్లోకి ఔను వచ్చింది కూడా. ఎదురుగా భద్రు అరచేతులు కనిపించాయి. ఇసుకకు ఒరుసుకుపోయి, పొక్కులు పగిలి ఉన్నాయి.

"యాది మరువలే," అన్నాడు. "తెలిసే చెప్పిన. మీరందరు కలిసి నా బుక్కు గుంజుకుంటున్నరని అనుకున్న. ఎవడు చుడుతడో, ఎవనిది కాలుతదో చూద్దామని చెప్పిన."

అఖిల పొయ్యి ఆర్పేసింది. సంపత్ లేచి బయటికి పోయాడు. మొండయ్య మొలతాడు ముడి విప్పి, తాళంచెవి తీసి, కాలిన మోటర్ పక్కన పెట్టాడు. "పోయి పెట్టె తెరువుండ్రి. బుక్కు మొత్తం ఫోటోలు గుంజుకోండ్రి. ఇగ దాచేదేం లేదు నా దగ్గర."

భద్రు తాళంచెవిని చూశాడు. ముట్టుకోలేదు.

"గా బుక్కుల ఏది అసలు లెక్కనో, ఏది మమ్ముల పరీక్ష చేసేదో నాకెట్ల ఎరుకయితది, అన్నా?" అన్నాడు. "ఇరవై ఎనిమిది అని గిప్పుడు అంటున్నవ్. దీన్ని ఎట్ల నమ్మాలె?"

ఇన్నేళ్లలో మొండయ్య ఆ ప్రశ్న ఎందరి గురించో అనుకున్నాడు కానీ, ఒక్కడు కూడా ఆయన్ను అడగలేదు. భద్రు తాళంచెవిని అక్కడే వదిలి, మోటర్‌ను సంచిలో వేసి మూతి కట్టి, బస్సుకు లేచాడు. మొండయ్య సంచి రెండో కొస పట్టుకున్నాడు.

"నేను గూడ వస్త. నా చేత్తోని చుడుత. నువ్వే లెక్కవెట్టు," అన్నాడు.

భద్రు రమ్మనలేదు, వద్దనలేదు. మూడు బస్సుల్లోనూ వేరే సీటులో కూర్చున్నాడు. సంచి మాత్రం మొండయ్య ఒళ్లో ఉంది. ప్యాంటుకు మసి అంటినా కింద పెట్టలేదు.

మర్నాడు పొద్దున మహదేవపూర్‌లో భద్రు షాపు షటర్ లేచింది. చిన్న గది, ఒక బల్ల. గోడ మీద ఎర్ర పెయింటుతో అక్షరాలు ఒత్తి ఒత్తి రాసి ఉన్నాయి. "గంట బొమ్మ. 24 చుట్లు. మొండయ్యన్న చెప్పింది." మొండయ్య దాన్ని ఒకసారి చదివి మళ్లీ అటు చూడలేకపోయాడు. బయట అరుగు మీద ముసలి రైతు ఒకాయన తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. ఎర్రయ్య అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మొండయ్య కింద కూర్చుని తీగ అందుకున్నాడు. స్లాట్‌లోంచి ఒక్కో పోగు లాగుతుంటే భద్రు పక్కన మోకాళ్ల మీద కూర్చుని పైకి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నిన్నగాక మొన్న పని నేర్చినవాడి వెనక కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఇరవై నాలుగు దగ్గర మొండయ్య చెయ్యి దానంతట అదే ఆగింది. భద్రు కళ్లెత్తి చూశాడు. మొండయ్య తీగ లాగాడు. ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.

"గా గోడ మీదిది తుడువరాదు," అన్నాడు మొండయ్య.

"నీళ్లు వోసి, పదిహేను రోజులు నడిచినంక తుడుస్త," అన్నాడు భద్రు. తర్వాత వంగి స్లాట్‌లోకి చూశాడు. "చెయ్యి తియ్యి, అన్నా. ఇంకోపాలి లెక్కవెడుత."

మొండయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భద్రు వేలు పెట్టి ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.